ఇరు సేనలకు ఒకే వంటశాల

మొన్న ఉగాదికి తణుకులో పెదనాన్నగారి ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ పచ్చడి కలిపి అందరికీ గిన్నెల్లో పోసింది. పెదనాన్నకు మాత్రం విడిగా ఒక గిన్నె తెచ్చింది. అందులో వేపపువ్వు ఉంది, చింతపులుసు ఉంది, మామిడి ముక్కలు ఉన్నాయి, ఉప్పూ కారమూ ఉన్నాయి. బెల్లం లేదు. ఆయన ఒక చుక్క నాలుక మీద వేసుకొని, "ఈ ఏడాది నాకు ఐదు రుచులేనురా" అని నవ్వారు.

ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సరు. మూడు వారాలకొకసారి ఇమ్యూనోథెరపీ మందు ఎక్కిస్తున్నారు. గడ్డ తగ్గుతున్నదనే డాక్టరుగారు చెప్పారట. కాని మనిషి ఐదు నెలల్లో 61 కిలోల నుండి 49 కిలోలకు దిగారు. మధుమేహం లేదు. అయినా ఆ ఇంట్లో చక్కెర, బెల్లం మాత్రమే కాదు, ఆయన వరకు అన్నం, అరటిపండు, పాలు కూడా నిషిద్ధాలైపోయాయి. కారణం అడిగితే మా తమ్ముడు సెల్‌ఫోన్లో ఒక వీడియో చూపించాడు. క్యాన్సరు కణం చక్కెర తిని బతుకుతుందట. చక్కెర ఆపితే ఎండి చస్తుందట. ఈ సంగతి కనిపెట్టినందుకు ఒక జర్మను శాస్త్రజ్ఞుడికి నోబెలు బహుమతి కూడా వచ్చిందట.

ఈ మాటలు పచ్చి అబద్ధాలైతే నాకు ఇంత శ్రమ లేకపోవును. ఇది ధర్మరాజు నోట వచ్చిన అశ్వత్థామ మాట వంటిది. మొదటి సగం అందరికీ వినబడింది, రెండవ సగం శంఖధ్వనిలో కలిసిపోయింది. ఆ రెండవ సగం వినబడనందువల్ల ద్రోణుడంతవాడు అస్త్రసన్యాసం చేశాడు. మన ఇళ్ళల్లో రోగులు అన్నసన్యాసం చేస్తున్నారు.

మొదటి సగం ముందు చూద్దాం. జర్మను శాస్త్రజ్ఞుడు నిజమే. ఆయన పేరు ఆటో వార్‌బుర్గ్. 1920లలో బెర్లిను శివారు డాలెమ్‌లో గడ్డల నుండి పలుచని పొరలు కోసి, అవి ఎంత ప్రాణవాయువు పీలుస్తాయో, ఎంత గ్లూకోజు ఖర్చు చేస్తాయో కొలిచాడు. ప్రాణవాయువు కావలసినంత ఉన్నా కూడా ఆ కణాలు గ్లూకోజును పూర్తిగా దహించకుండా సగంలో విడిచిపెట్టి లాక్టిక్ ఆమ్లంగా బయటకు తోసేస్తున్నాయి. ఇది వింత. ఒక గ్లూకోజు అణువును మైటోకాండ్రియాలో చివరిదాకా దహిస్తే కణానికి సుమారు 30 ఏటీపీ అణువుల శక్తి దక్కుతుంది. సగంలో విడిస్తే దక్కేది రెండే. ఇంత దుబారా చేసే కణం ఇంత వేగంగా ఎలా పెరుగుతుంది? మైటోకాండ్రియా చెడిపోయి ఉంటుందని, అదే క్యాన్సరుకు మూలమని వార్‌బుర్గ్ నమ్మాడు. ఆ నమ్మకం నిలబడలేదు. చాలా క్యాన్సరు కణాల్లో మైటోకాండ్రియా చక్కగానే పనిచేస్తున్నదని తరువాతివారు తేల్చారు. ఇక 1931లో ఆయనకు నోబెలు వచ్చింది కణాల శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైము మీద పనికి. క్యాన్సరుకు చక్కెర ఆపమన్నందుకు కాదు. ఆ వీడియో తీసినవారు ఈ చిన్న తేడాను గమనించినట్లు లేదు.

దుబారా అన్నాను గాని, అది నిజంగా దుబారా కాదు. ఇల్లు కట్టేవాడికి వంట చెరకు మాత్రమే చాలదు, దూలాలూ వాసాలూ కావాలి. కలప అంతా పొయ్యిలో పెట్టేస్తే ఇల్లు లేవదు. విభజన చెందే కణం తన డీఎన్‌ఏకు, పొరలకు, మాంసకృత్తులకు కావలసిన ముడిసరుకులో కొంత భాగాన్ని గ్లూకోజు నుండి తీసుకుంటుంది. అందుకని పూర్తిగా కాల్చదు. వేగంగా పెరగవలసిన ఏ కణానికైనా ఇదే పద్ధతి.

"ఏ కణానికైనా" అన్న చోటే రెండవ సగం ఉన్నది.

మన రక్తంలో తిరిగే టీ-కణాలు మామూలు వేళల్లో మితాహారులు. కొద్దిపాటి గ్లూకోజును, కొవ్వును పొదుపుగా దహించుకుంటూ ఏళ్ళ తరబడి కాలక్షేపం చేస్తాయి. తన శత్రువును గుర్తుపట్టిన మరుక్షణం అదే టీ-కణం వేరే ప్రాణి అయిపోతుంది. రోజుకు రెండు మూడు మార్లు విభజన చెందుతుంది. ఒకటి వేలవుతుంది. అప్పుడు దాని ఆకలి తీరు అచ్చం క్యాన్సరు కణం ఆకలి తీరే: గ్లూకోజు దండిగా కావాలి, దాన్ని సగంలో విడవాలి, లాక్టిక్ ఆమ్లం బయటకు తోయాలి. వార్‌బుర్గ్ గడ్డలో చూసిన వింత, గడ్డతో పోరాడేవాడిలోనూ ఉంది. వీడియోలో లేని సంగతి ఇదే.

కురుక్షేత్రంలో ఉడుపి రాజు ఏ పక్షమూ చేరకుండా ఇరు సేనలకూ వండి వడ్డించాడని ఒక కథ ఉంది. వ్యాసభారతంలో లేదు, జనం చెప్పుకునేది. మన నెత్తురు ఆ ఉడుపి రాజు. పాండవుల పంక్తి, కౌరవుల పంక్తి అని చూడదు. ఆ వంటశాలకు తాళం వేస్తే ఎవరు ముందు పడిపోతారన్నది అసలు ప్రశ్న.

(ఈ ఆకలి వ్యవహారం మొత్తానికి తెలుగులో ఏం పేరు పెట్టాలో నాకు తేలలేదు. "జీవక్రియ" అంటే పాఠ్యపుస్తకాల్లో అన్నీ జీవక్రియలే. "చయాపచయం" ఖచ్చితమైన మాట, నోరు తిరగదు. ఇక్కడ మటుకు ఆకలి, తిండి అనే అంటాను.)

టీ-కణానికి తిండి లేకపోతే ఏమవుతుంది? చావదు. అంతకన్నా చిత్రమైనది జరుగుతుంది. 2013లో ఎరికా పియర్స్ బృందం ఒక సంగతి చూపించింది. గ్లూకోజును విరిచే పనిలో ఉండే ఒక ఎంజైము, చేతిలో ఆ పని లేనప్పుడు ఖాళీగా కూర్చోదు. ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఆయుధం తయారు కావలసిన ఆదేశపత్రాన్ని పట్టుకొని కూర్చుంటుంది, అచ్చు వేయనివ్వదు. అంటే చక్కెర అందని టీ-కణం బతికే ఉంటుంది, శత్రువును గుర్తుపడుతుంది, చేతిలో బాణం మాత్రం ఉండదు. 2015లో అదే బృందం మరొక అడుగు వేసింది. ఎలుకల్లో గడ్డలు చుట్టుపక్కల గ్లూకోజును లాగేసుకొని టీ-కణాలను ఇలా నిరాయుధులను చేయగలవని చూపించింది. దాదాపు అదే సమయంలో యేల్ విశ్వవిద్యాలయంలో సూసన్ కేక్ బృందం కూడా వేరే దారిన ఇటువంటి చోటికే చేరింది.

ఇప్పుడు పెదనాన్నకు ఎక్కిస్తున్న మందు సంగతి. టీ-కణం మీద పీడీ-1 అని ఒక కళ్ళెం ఉంటుంది. 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం దాన్ని కనుగొన్నది. సీటీఎల్ఏ-4 అనే మరో కళ్ళెం మీద అమెరికాలో జేమ్స్ ఆలిసన్ పనిచేశాడు. ఇద్దరికీ కలిపి 2018లో నోబెలు ఇచ్చారు. క్యాన్సరు కణం ఈ కళ్ళేలను పట్టి లాగి టీ-కణాన్ని ఆపుతుంది. మందు ఆ చేతిని విడిపిస్తుంది. ఇంతవరకు పత్రికల్లో చాలామంది చదివే ఉంటారు. అంతగా ప్రచారం కానిది ఏమంటే, పీడీ-1 కళ్ళెం బిగుసుకున్నప్పుడు టీ-కణం తన తిండి పద్ధతినే మార్చుకుంటుంది. గ్లూకోజు విరవడం తగ్గించి, కొవ్వు కాల్చుకుంటూ నిలవ ఉండే పద్ధతికి వెళ్ళిపోతుంది. 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది తేలింది. మరోలా చెప్పాలంటే ఆ మందు చేసే పనుల్లో ఒకటి, అలిగి పీట మీద నుంచి లేచిపోయిన సైనికుణ్ణి మళ్ళీ విస్తరి ముందు కూర్చోబెట్టడం. డాక్టరు మూడు వారాలకొకసారి అంత ఖరీదు మందు పెట్టి వాణ్ణి భోజనానికి కూర్చోబెడుతుంటే, మనం ఇంటి దగ్గర విస్తరి ఎత్తేస్తున్నాం.

ఇక్కడ నేను కూడా అర్ధసత్యంతో ఆగిపోకూడదు. "గడ్డే చక్కెరంతా తినేస్తుంది" అన్న 2015 నాటి చిత్రం మీద 2021లో పెద్ద ప్రశ్న పడింది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు గడ్డలోని ఒక్కొక్క జాతి కణాన్ని వేరు చేసి ఎవరు ఎంత గ్లూకోజు తీసుకుంటున్నారో కొలిచారు. తలసరి లెక్కన అందరికన్నా ఎక్కువ తీసుకున్నది క్యాన్సరు కణం కాదు. గడ్డలో తిష్ఠ వేసుకొని ఉండే మైలాయిడ్ జాతి రక్షక కణాలు! క్యాన్సరు కణాలు ముందున్నది గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం విషయంలో. ఆ మైలాయిడ్ కణాల్లో చాలా భాగం మన పక్షాన పుట్టి ఎదుటి పక్షానికి ఊడిగం చేసేవి, శల్యుడి వంటివి. అంతేకాదు, గడ్డలో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం టీ-కణాలకు విషప్రాయమైతే, టీ-కణాలను అణచిపెట్టే నియంత్రక కణాలు దానినే ఆహారంగా వాడుకోగలవని 2021లోనే మరో బృందం చూపింది. పంక్తిలో ఇన్ని రకాల వాళ్ళున్నప్పుడు "చక్కెర ఆపు, శత్రువు చస్తాడు" అన్నది ఎంత మొరటు సలహానో ఆలోచించండి.

పెట్ స్కాను చూపించి వాదించేవారున్నారు. "రేడియోధార్మిక చక్కెర ఎక్కించగానే క్యాన్సరు దీపంలా వెలిగింది చూడండి, చక్కెర తింటున్నట్లే కదా" అని. వెలిగిన మాట నిజం. కాని ఆ స్కానులో క్షయ గడ్డ కూడా వెలుగుతుంది, వాపు ఎక్కడున్నా వెలుగుతుంది, ఎందుకంటే పోరాడుతున్న రక్షక కణాలు కూడా అదే ఆబతో చక్కెర తీసుకుంటాయి. ఇమ్యూనోథెరపీ మొదలైన కొత్తలో ఒక్కోసారి గడ్డ ఇంకా పెద్దదిగా, ఇంకా వెలుగుతూ కనిపించి, తరువాత తగ్గడం డాక్టర్లకు తెలిసిన సంగతే. ఆ వెలుగు శత్రు శిబిరంలో దీపమా, మన సైన్యం వేసిన కాగడానా అన్నది బొమ్మ చూసి చెప్పలేం.

పోనీ, నిజంగానే చక్కెర మానేస్తే గడ్డకు చక్కెర అందకుండా పోతుందా? పోదు. మనిషి రెండు రోజులు పస్తున్నా నెత్తుటిలో గ్లూకోజు సున్నా కాదు, కాలేయం కానివ్వదు. నిలవ ఉన్నది అయిపోతే కండలను కరిగించి, ఆ అమైనో ఆమ్లాల నుండి గ్లూకోజు వండి మరీ వడ్డిస్తుంది. కౌరవులకు వండటం మానరు, కాకపోతే వంటశాల వాసాలు పీకి పొయ్యిలో పెడతారు. పెదనాన్న పోగొట్టుకున్న 12 కిలోల్లో కండ ఎంతో నాకు తెలియదు గాని, ఆయన చేయి పట్టుకుంటే తెలిసింది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. క్యాన్సరు రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుండి 30 కెలోరీలు, కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు అందాలనీ, బక్కచిక్కే ప్రమాదం ఉన్నవారికి ఆహారం తగ్గించే పథ్యాలు పెట్టవద్దనీ యూరపు పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ 2017లో స్పష్టంగా చెప్పింది. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో ఉంచుకోవడం వేరు. అది వారి డాక్టరు చెప్పే లెక్క.

అయితే క్యాన్సరును తిండి దారిన కొట్టడం అసలు సాధ్యం కాదా అంటే, సాధ్యమే. చేసి చూపినవాడు తణుకుకు ఎంతో దూరం లేని భీమవరంలోనే పుట్టాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తలవకుండా ఈ విషయం రాయడం నాకు చేతకాదు. కణం శక్తికి నాణెం వంటిది ఏటీపీ అని పైన అన్నాను కదా, 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరం నుండి వేరు చేసినవాడు ఆయనే. (జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది కనుగొన్నాడు.) తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే రోగం ఇంకా జోరందుకున్నట్లు కనిపించింది. అయితే ఆ విటమిన్‌కు నకలు చేసి, కణం అదే అనుకొని మింగి మోసపోయేటట్లు చేస్తే? సుబ్బారావుగారి బృందం అటువంటి నకళ్ళను తయారు చేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో అమైనోప్టెరిన్ తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, తాత్కాలికంగానే అయినా. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. అదే ఇంటి నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

ఆ మందు చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి. అది క్యాన్సరు కణాన్నే కాదు, విభజన చెందే ప్రతి కణాన్నీ మాడుస్తుంది. నోరు పూస్తుంది, ఎముకల్లో మూలుగ దెబ్బతింటుంది, టీ-కణాలూ దెబ్బతింటాయి. ఎంతగానంటే, వేరొకరి మూలుగను మార్పిడి చేసినప్పుడు దాత టీ-కణాలు రోగి మీద తిరగబడకుండా అణచడానికి కూడా మెథోట్రెక్సేట్‌నే వాడతారు. అందుకే డాక్టర్లు దానిని మోతాదు చూసి, రోజు చూసి, రక్తపరీక్ష చూసి ఇస్తారు. అవసరమైతే విరుగుడు కూడా ఇస్తారు. మాడ్చడం ఒక విద్య. ఎవరిని, ఎప్పుడు, ఎంతసేపు అన్న మూడు లెక్కలు తెలియకుండా చేస్తే అది విద్య కాదు.

టీ-కణాల ఆకలి విషయంలోనూ అవే లెక్కలు. దీర్ఘకాలం జ్ఞాపకం ఉంచుకొని కాపలా కాసే టీ-కణాలు చక్కెర మీద కన్నా కొవ్వు, మైటోకాండ్రియాల మీద ఎక్కువ ఆధారపడతాయి. సొంత టీ-కణాలను బయటకు తీసి, క్యాన్సరును పట్టే కొత్త గ్రాహకం తొడిగి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సలో ఈ తేడా కళ్ళకు కడుతుంది. ఆ గ్రాహకంలో సీడీ28 అనే భాగం పెడితే కణాలు చక్కెర బాగా వాడి ఉధృతంగా పోరాడి త్వరగా అలసిపోతాయి. 4-1బీబీ అనే భాగం పెడితే మైటోకాండ్రియా పెంచుకొని ఎక్కువ కాలం నిలబడతాయి. 2016లో తెలిసిన సంగతి ఇది. ప్రయోగశాల పాత్రలో కొన్నాళ్ళు చక్కెర వాడకాన్ని అణచి పెంచిన టీ-కణాలు ఎలుకల్లో గడ్డలతో బాగా పోరాడాయని కూడా అంతకుముందే, 2013లో, చూపారు. కనుక "చక్కెర మంచిది" అన్నది కూడా నా వాదన కాదు. పాత్రలో ఉన్న కణానికి మూడు రోజులు పస్తు పెట్టడం వేరు, పెదనాన్నకు ఐదు నెలలు పస్తు పెట్టడం వేరు.

ఇంత తెలిసినవారికి కూడా పరాభవాలు తప్పలేదు. గడ్డ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని నాశనం చేసి టీ-కణాలను మాడుస్తుందని, ఆ నాశనం చేసే ఎంజైమును అడ్డుకుంటే ఇమ్యూనోథెరపీ ఇంకా బాగా పనిచేస్తుందని ఎంతో ఆశతో ఎపకడోస్టాట్ అనే మందును పరీక్షించారు. సిద్ధాంతం చక్కనిది. మొదటి దశ ఫలితాలు ఊరించాయి. మెలనోమా ఉన్న 706 మందిలో జరిపిన పెద్ద పరీక్షలో 2018లో అది తుస్సుమన్నది. అదనంగా ఒరిగింది ఏమీ లేదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ రొమ్ము క్యాన్సరు తిరగబెట్టకుండా చేస్తుందేమోనని 3,649 మంది రోగులలో పరీక్షించారు. 2022లో తేలింది: చేయదు. వందల మంది నిపుణులు, కోట్ల రూపాయలు, ఏళ్ళ తరబడి శ్రమ పెట్టిన ఊహలకే ఇటువంటి గతి పట్టినప్పుడు, నాలుగు నిమిషాల వీడియోలోని ఊహకు ఒక మనిషి కండను పణంగా పెట్టడం న్యాయమా?

మరి ఆశ ఎక్కడుందంటే నాకు ఒక భారతీయ పరీక్ష గుర్తుకు వస్తుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో, తల, మెడ భాగాల్లో క్యాన్సరు ముదిరినవారికి పీడీ-1 కళ్ళేన్ని విడిపించే నివోలుమాబ్ ఇచ్చి చూశారు. మామూలు మోతాదు కొనగలిగినవారు మన దేశంలో బహుకొద్దిమంది. అందుకని మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు, అంటే మామూలులో ఆరు శాతం కన్నా తక్కువ ఇచ్చారు. దానితోపాటు చవకైన మూడు మాత్రలు. 2022లో ప్రచురించిన ఫలితం ప్రకారం, 151 మందిలో ఆ కొద్దిపాటి నివోలుమాబ్ చేరని పక్షంలో ఏడాది తరువాత బతికి ఉన్నవారు 16.3 శాతం, చేరిన పక్షంలో 43.4 శాతం. ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్, వారానికొకసారి చిన్న మోతాదు! టీ-కణాలను మాడ్చగల మందు, టీ-కణాలను విస్తరి ముందు కూర్చోబెట్టే మందు ఒకే చీటీ మీద. కాగితం మీద చూస్తే పొసగని జంట. మోతాదు చూసి వేసినవారికి పొసగింది. సుబ్బారావుగారు ఈ సంగతి చూసి ఉంటే ఏమనేవారోనని నాకు తరచు అనిపిస్తుంది.

ఇదంతా ఉగాది నాడు పెద్దమ్మకు చెప్పలేదు. చెప్పినా ఎంజైములూ కళ్ళేలూ ఆవిడకెందుకు? ఉడుపి రాజు కథ మాత్రం చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనకుండా విని, "అయితే ఇన్నాళ్ళూ నేను పాండవుల కడుపే మాడ్చానంటావా?" అంది. ఆ గొంతులోని భయం చూసి నాకు సిగ్గు వేసింది. తప్పు ఆవిడది కాదు. భర్త కోసం తన చేతుల్లో ఉన్న పని ఏదో ఒకటి చేయాలనుకున్న మనిషికి, ఆసుపత్రిలో ఎవరూ "ఇది వండి పెట్టండమ్మా" అని ఒక్క మాట చెప్పలేదు. చెప్పింది ఆ వీడియో ఒక్కటే. మందు గురించి అరగంట చెప్పగలిగిన వ్యవస్థకు అన్నం గురించి ఐదు నిమిషాలు లేకపోవడమే నాకున్న అసలు ఫిర్యాదు.

మర్నాడు ఆవిడే వాళ్ళ డాక్టరుకు ఫోను చేయించి పోషకాహార నిపుణురాలి దగ్గర సమయం అడిగించింది. మొన్న ఆదివారం నేను ఫోను చేస్తే పెదనాన్నే తీశారు. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు అన్నం, రాత్రి పెరుగన్నంలో అరటిపండు. బరువు 50 కిలోల 400 గ్రాములట.